మీకు తెలుసా? పాండవుడినన్న కొండదొర

1900లో కొండదొర అనే గిరిజన తెగకు చెందిన ఒకతను తాను పంచపాండవుల్లో ఒకడినని ప్రకటించి, తెల్లదొరతనం మీద పితూరీ లేవదీశాడు.

అతని పేరు కొర్రా మల్లయ్య. ఊరు అప్పటి విశాఖపట్నం జిల్లా, సాలూరు తాలూకాలోని కొర్రవానివలస. పసివాడైన తన కొడుకేమో సాక్షాత్తూ శ్రీకృష్ణుడట! వెదురుబొంగులు మంత్రబలంతో తుపాకులవుతాయనీ, సర్కారు ఆయుధాలు నీళ్లయిపోతాయనీ అతను మాటిచ్చాడు. నమ్మి వేల మంది చేరారు. వెదురును తుపాకీ ఆకారంలో చెక్కుకుని కవాతు కూడా చేశారు. తూటాలు మాత్రం నీళ్లు కాలేదు. పోలీసు కాల్పుల్లో పలువురు చనిపోయారు.

మల్లయ్య మాట ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. కొండదొరలు తాము పాండవుల సంతతి అని చెప్పుకుంటారని ఎడ్గర్ థర్‌స్టన్ 1909 నాటి తన గ్రంథంలో నమోదు చేశాడు. ఇంగ్లీషువాళ్లకు ఇదంతా వెర్రిగా తోచి ఉండొచ్చు గానీ, విన్నవాళ్లకు మల్లయ్య చెప్పింది ఇంటి కథే.

ఇంతకీ కొండదొరల సొంత భాష తెలుగుకు దగ్గరి చుట్టం. కొండ లేదా కూబి అనే ఆ భాష గోండీ, కువి, తెలుగులతో కలిసి దక్షిణ-మధ్య ద్రావిడ శాఖలోకి వస్తుంది. దాని మీద భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి రాసిన పుస్తకం 1969లో వెలువడింది. చోడవరానికి ఎగువన, మాడుగుల, చీడికాడ కొండవాలుల్లోని కొండదొరలు మాత్రం ఇప్పుడు ఎక్కువగా తెలుగే మాట్లాడుతున్నారు.