నొప్పులు రాకముందే ఆస్పత్రిలో చేరమన్నారా?

అమ్మా, బీపీ పెరిగినా, ఉమ్మనీరు ముందే పోయినా, 41 వారాలు దాటుతున్నా నొప్పులు రావడానికి డాక్టరు మందు ఇస్తామంటారు. "నొప్పుల మందు పెడితే ఇక ఆపరేషనే" అని ఇంట్లోవాళ్ళు భయపెడతారు. అలా ఏం లేదు. ఇలా చేరి మామూలు కాన్పుతో బిడ్డనెత్తుకుని ఇంటికెళ్ళిన తల్లులు ఎందరో ఉన్నారు. మీ ఆశ కార్యకర్తకు అలాంటివాళ్ళు తెలిసే ఉంటారు, అడిగి వాళ్ళతో మాట్లాడండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మందు పెట్టిన గంటకే కాన్పు అవదు, ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. తోడు వచ్చేవాళ్ళకు ముందే చెప్పండి.

ప్రభుత్వాసుపత్రిలో మాత్ర, జెల్, సెలైన్‌లో ఎక్కించే మందు, పరీక్షలు, మీ భోజనం జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. కొందరికి ఆపరేషన్ అవసరం కావచ్చు, అదీ ఉచితమే. ఇంటి దగ్గర దించడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది.

బిడ్డ కదలిక తగ్గితే చేరమన్న తేదీ దాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.