తాగుడు మానాక తోడెవరు?

పాడేరు కొండల్లో జీలుగు చెట్టు కింద ఒంటరిగా తాగేవాళ్లు అరుదు. కల్లు దింపే వేళకి నలుగురూ చేరతారు. పోడు పనులూ పెళ్లి మాటలూ అక్కడే నడుస్తాయి. పండగకీ చావుకీ, ఇంటికొచ్చిన చుట్టానికీ కల్లు ఉండాల్సిందే. కాబట్టి తాగుడు మానాలనుకున్న మనిషి కల్లుతో పాటు ఆ నలుగురి సావాసాన్నీ వదులుకోవాల్సి వస్తుంది. చాలామంది ఓడిపోయేది ఇక్కడే.

మానేయడం గట్టి మనసుంటే అయిపోయే పని అనుకుంటాం. ముందు మెదడులో ఏం జరుగుతుందో చూద్దాం. గాబా అనే రసాయనం నాడీకణాల జోరు తగ్గిస్తుంది, గ్లుటమేట్ అనే మరో రసాయనం ఆ జోరుని పెంచుతుంది. మద్యం మొదటిదానికి బలమిచ్చి రెండోదాన్ని అణచివేస్తుంది. ఏళ్ల తరబడి తాగితే మెదడు ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది: గాబాకి స్పందన తగ్గి, గ్లుటమేట్ జోరు పెరుగుతుంది. అప్పుడు మద్యం హఠాత్తుగా ఆగితే, ఘాట్ రోడ్డు దిగుతున్న జీపుకి బ్రేకు తెగినట్టే. వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత లేనివి కనిపించి, మతి తప్పి, ప్రాణం మీదికి రావచ్చు. అందుకని రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఇంట్లో తలుపేసుకుని మానేయకూడదు. ముందు ఆసుపత్రి, తాగుడు మానుతున్న తోటివాళ్లతో కూర్చునే మీటింగు ఆ తర్వాత.

ఆసుపత్రి ఒంట్లోంచి మద్యాన్ని దింపుతుంది. ఊళ్లోకి తిరిగొచ్చాక ఎదురయ్యేది మాత్రం అదే చెట్టు, అదే సంత, అదే పిలుపు. అమెరికాలో 1,726 మందిపై జరిపిన ‘ప్రాజెక్ట్ మ్యాచ్’ పరిశోధన ఇక్కడే మనకు పనికొస్తుంది. చుట్టూ తాగేవాళ్లే ఉన్నవారికి, మూడేళ్ల తర్వాత చూస్తే, తాగుడు మానేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల వైపు నడిపించిన చికిత్స ఎక్కువ మేలు చేసింది. ఆ మీటింగులు వాళ్లకి తాగని స్నేహితుల్ని ఇచ్చాయి. 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను కలిపి చూసిన 2020 నాటి కాక్రేన్ సమీక్షా ఇదే దారిలో ఉంది. ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు ఆ మార్గంలో 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం.

సావాసంతో అంటుకున్నది సావాసంతోనే వదులుతుంది. మరి ఎలాంటి బృందంలో చేరాలి?

మొదటి గుర్తు భాష. కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో ఆలోచించే మనిషి, తెలుగులో తన సిగ్గుని విప్పి చెప్పలేకపోవచ్చు. రెండోది దూరం. విశాఖ వంద కిలోమీటర్లకు పైనే. కూలి మానుకుని వారం వారం వెళ్లిరావడం అయ్యే పని కాదు. ఎలాగూ సంతకి దిగుతారు కాబట్టి, ఆ రోజే, సారా దాకా పోకముందే కూర్చునే బృందం మేలు. మూడోది గుట్టు. చిన్న ఊళ్లో అందరూ అందరికీ తెలుసు. సొంత ఊళ్లో నోరు పెగలకపోతే పక్క పంచాయతీ బృందానికి వెళ్లడంలో తప్పు లేదు. ఆడవాళ్లకి విడిగా కూర్చునే చోటు కావాలి. తాగేవారి ఇంటివాళ్లకీ తమ బాధ చెప్పుకునే చోటుండాలి; అల్-అనాన్ 1951లో ఆ అవసరంలోంచే పుట్టింది.

ఒక్క మీటింగు నచ్చలేదని మానేయకండి. మూడు నాలుగు చోట్ల కూర్చుని చూడండి. మళ్లీ తాగి వచ్చినవాణ్ని తిట్టకుండా కూర్చోబెట్టుకుంటే అది మంచి బృందం. డాక్టరు ఇచ్చిన మందుల్ని ఆపమన్నా, రహస్య పొడి అమ్మినా, కట్టేసి కొట్టినా అక్కడినుంచి వచ్చేయండి.

దగ్గర్లో బృందమే లేకపోతే? తమిళనాట మంజక్కుడి గ్రామంలో, 1989 నుంచి టీటీ రంగనాథన్ సంస్థ పల్లెలోనే చికిత్సా శిబిరాలు పెట్టింది. నగరానికి రాలేనివాళ్ల దగ్గరికి చికిత్సే నడిచి వెళ్లింది. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు చదువు నేర్చుకోవడానికి కూర్చున్న అక్షర దీపం బడి నుంచే సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. చట్టం దుకాణం మూయగలదు, తాగాలన్న కోరికని మూయలేదు. కానీ కలిసి కూర్చోవడానికి ఎంత బలముందో ఆ ఆడవాళ్లు చూపించారు. మన ఆశా కార్యకర్తలూ పొదుపు సంఘాలూ పూనుకుంటే పాడేరులోనూ అలాంటి చోటు కుదురుతుంది.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగిలిన 37 మందిలో మనవాళ్లెవరైనా ఉంటే తాగుడు మానడానికి సాయపడే హెల్ప్‌లైన్ 14446కి గానీ, తెలుగులో మాట్లాడే టెలి మానస్ 14416కి గానీ ఫోన్ చేయండి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అక్రన్ పట్టణంలో ఇద్దరితో మొదలైంది. ఒకరు షేర్ల వ్యాపారి, ఒకరు డాక్టరు. తాగాలనిపించినప్పుడల్లా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. మోదకొండమ్మ జాతర వేళ అందరూ గ్లాసు ఎత్తినప్పుడు, పక్కన టీ తాగుతూ నిలబడే ఇంకొక్క మనిషి దొరికితే, మీ మీటింగు మొదలైనట్టే.