సువార్త - రోమీయులకు పౌలు వ్రాసిన లేఖలో ఆ పదమున కర్థము

నాందేడు జిల్లాలోని ముద్ఖేడ్ రైలు కూడలికడ దారి రెండుగా చీలును. ఒకటి ధర్మాబాదు, బాసరల మీదుగా నిజామాబాదునకు పోవును. మరియొకటి భోకర్, కిన్వట్‌ల మీదుగా ఆదిలాబాదునకు పోవును. 1956 వరకు ఈ ప్రాంతమంతయు హైదరాబాదు రాజ్యములోనిదే. ఆ యేట జరిగిన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణలో నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరి, 1960లో మహారాష్ట్రములోనిదైనది. ముధోల్ తాలూకా ఆదిలాబాదు జిల్లాకు పోగా, కిన్వట్ ఇటు వచ్చినది. ఎల్లలు మారినను తెలుగు, మరాఠీ, ఉర్దూ పలుకులు ఇచ్చట ఒకదాని ప్రక్క నొకటి నిలిచియే యున్నవి.

అందుచేత క్రైస్తవ గ్రంథములోని ఒక ముఖ్య పదమును ఇచ్చటివారు ఒక రూపమున గాక పలు రూపములలో వినగలరు. గ్రీకులోని 'యువాంగెలియోన్' అను పదమును తెలుగు బైబిలు 'సువార్త' అన్నది. మరాఠీ బైబిలు యేసు చరిత్రలైన నాలుగు గ్రంథములకు 'శుభవర్తమాన్' అని పేరు పెట్టి, లేఖలలో 'సువార్తా' అనియే వాడినది. హిందీలో అది 'సుసమాచార్'. ఉర్దూలోని 'ఇంజీల్' ఆ గ్రీకు పదమే అరబ్బీ నోట మారిన రూపము. అర్థము చెప్పవలసినపుడు 'ఖుష్‌ఖబరీ' యందురు. తెలుగు క్రైస్తవుల యిండ్లలో సువార్త, సువార్తమ్మ అని ఆడబిడ్డల పేర్లు కూడ కలవు. ఇంతగా నలిగిన పదమగుటచే దాని మొదటి పదును కొంత పోయినది. 'మంచి బోధ' యనియో, 'నాలుగు పుస్తకములు' అనియో సరిపెట్టుకొనుట పరిపాటి యైనది.

పౌలు నాటికి ఆ నాలుగు పుస్తకములు లేవు. వానిలో మొదటిదిగా పలువురు పండితులెంచు మార్కు గ్రంథము క్రీ.శ. 70 ప్రాంతమునది. పౌలు కొరింథు నగరమునుండి రోమా క్రైస్తవులకు లేఖ వ్రాయుట క్రీ.శ. 57 ప్రాంతమున. కావున ఆ లేఖలో సువార్త యనగా చదువదగిన గ్రంథము కాదు, నోట చాటదగిన వార్త.

ఆ కాలపు గ్రీకు వ్యవహారమున ఈ పదము దూతకు సంబంధించినది. యుద్ధభూమినుండి పరుగెత్తి వచ్చి జయమైనదని చెప్పువాని మాట అది. ప్రియేనె పట్టణమున దొరకిన క్రీ.పూ. 9 నాటి శాసనమొకటి అగస్టసు చక్రవర్తి జన్మదినమును లోకమునకు శుభవార్తల ఆరంభముగా కీర్తించినది. అచ్చట వాడినది ఈ పదమే, బహువచనమున. పౌలునకు మరియొక ఆధారము కూడ కలదు. బబులోను చెరలో నున్న ప్రజలకు విడుదల వచ్చినదని కొండల మీదుగా వచ్చి చాటు దూతను యెషయా గ్రంథము వర్ణించినది. రోమా లేఖ పదియవ అధ్యాయమున పౌలు ఆ దూతనే స్మరించెను. చక్రవర్తి కొలువున్న నగరమునకు వ్రాయుచు, రోమనులు సిలువ వేసిన ఒక యూదుడు మరణమునుండి లేచెననియు, ఆయనయే ప్రభువనియు సువార్త పేర చాటుట సాహసమే. ఆ వార్తను గురించి తనకు సిగ్గులేదని పౌలు ప్రత్యేకించి చెప్పుకొనుటకు కారణ మిందు వెదకవలెను. సిలువ దాసులకును తిరుగుబాటుదారులకును వేయు శిక్ష. మర్యాదస్థులు దాని పేరెత్తుట కూడ రోత.

కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖ పదునైదవ అధ్యాయమున, తాను పొంది యితరుల కప్పగించిన సువార్త యేదో అతడే సంగ్రహించి చెప్పెను: క్రీస్తు చనిపోయెను, పాతిపెట్టబడెను, లేపబడెను, పలువురకు కనబడెను. అన్నియు జరిగిన సంగతులే. ఇట్లు చేయుమను విధి ఒక్కటియు లేదు. పల్లెలో దండోరా వేయువాడు, మరాఠీవారి మాటలో 'దవండి' వేయువాడు, శిస్తు మాఫీ అయినదని చాటెననుకొందము. అది రైతునకు హితబోధ కాదు. అతడు విని నమ్మవలెను, నమ్మి ఆ ప్రకారము మసలవలెను. పౌలు లేఖలలో కూడ హితబోధ లేకపోలేదు, కాని అది వార్త వెనుక వచ్చును. రోమా లేఖలో పదునొకండు అధ్యాయములు గడచిన పిమ్మటగాని అది విరివిగా మొదలుకాదు.

తెలుగు పాఠకునకు చిక్కు వచ్చునది మరియొక పదముకడ. సువార్తయందు 'దేవుని నీతి' బయలుపడుచున్నదని పౌలు వాదము. తెలుగున నీతియనగానే శతకములు తోచును; 1853లో అచ్చయిన చిన్నయసూరి నీతిచంద్రిక తోచును. అనగా నడవడి నేర్పు సూక్తులు. దేవుని నీతి యనిన దేవుడు విధించిన నియమావళి యనుకొనుట సహజము. అప్పుడు శుభవార్త యెచ్చట మిగిలినది? మరాఠీ 'నీతిమత్త్వ'కును ఈ చిక్కే కలదు. గ్రీకు 'దికైయొసునే' వెనుక నున్న హెబ్రీ భావము వేరు: దేవుడు ఇచ్చిన మాట నిలుపుకొని, చెడినదానిని సరిచేయుట. లూథరు సయితము ఈ పదమును మొదట దండించు న్యాయముగా గ్రహించి దానిని ద్వేషించితినని 1545లో వ్రాసికొనెను. అది నమ్మినవానికి ఉచితముగా లభించు స్థితియని అతడు పిదప తేల్చెను. 1977లో సాండర్సు గ్రంథము వెలువడిన పిమ్మట పలువురు పండితులు, యూదులను ఇతరులను ఒకే ప్రజగా చేర్చుటయందు దేవుని మాట నెరవేరుట మీద బరువు మోపిరి. ఈ రెండును ఒకదానినొకటి త్రోసివేయనక్కరలేదు.

తెలుగు అనువాదము మరి రెండు చోట్ల మేలు చేసినదనవలెను. నీతిమంతునిగా 'తీర్చుట' యను ప్రయోగమున న్యాయస్థానపు తీర్పును, తీర్చిదిద్దుటయు రెండును ధ్వనించుచున్నవి. అట్లే గ్రీకు 'పిస్తిస్'లో నమ్మకమును, నమ్మకముగా నిలుచుటయు కలసియుండును. విశ్వాసము గల సేవకుడనియు, విశ్వాసఘాతకుడనియు అనెడు తెలుగువాడు ఆ రెండర్థముల నెరిగినవాడే.

ఈ పదచర్చ అంతయు దేనికనిన, పంక్తికొరకు. క్లాడియసు చక్రవర్తి క్రీ.శ. 49 ప్రాంతమున యూదులను రోమునుండి వెళ్లగొట్టెను. 54లో అతడు చనిపోయిన పిదప వారు తిరిగి వచ్చునప్పటికి సంఘములు అన్యుల చేతిలో నుండియుండును. ఉన్నవారికిని వచ్చినవారికిని మాంసము మీదను పండుగదినముల మీదను తగవు. తినువాడు తిననివానిని తృణీకరింపరాదనియు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదనియు పౌలు ఇరువురిని మందలించెను. అంతకు మునుపే అంతియొకయలో పేతురు అన్యుల పంక్తినుండి లేచిపోయినపుడు, అది సువార్త సత్యమునకు విరుద్ధమని అందరియెదుట నిలదీసితినని గలతీయుల లేఖలో చెప్పుకొనెను. కూడు, కులము, పంక్తి యెరిగిన తెలుగు దేశమునకు ఇంతకంటె వ్యాఖ్య యేల? 1878 జూలై 3న ఒంగోలు మండలమున క్లౌ దొరగారి మిషనులో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు మాదిగలు. ఆ ఉద్యమమునకు తోవ వేసిన యెర్రగుంట్ల పేరయ్యయు మాదిగయే. వారికి ఆ వార్త దండోరావలెనే వినబడియుండును. అయినను సంబంధములు చూచునపుడు కులమడుగు అలవాటు క్రైస్తవులలో నేటికిని పోలేదు.

లేఖ చివర పదునారవ అధ్యాయమున పేర్ల పట్టిక కలదు. ప్రసంగీకులు దానిని సామాన్యముగా దాటవేయుదురు. లేఖను మోసికొనిపోయినదని పండితులు తలచు ఫీబే అందు మొదటిది. తరువాత ప్రిస్కయు అకులయు. క్లాడియసు ఆజ్ఞచే రోము విడిచి కొరింథు చేరి, అచ్చట పౌలుతో కలసి గుడారములు కుట్టిన యూదు దంపతులు వీరు. ఆ పిమ్మట దాసులకు సామాన్యమైన పేర్లు, గ్రీకు పేర్లు, రోమను పేర్లు ఒకే వరుసలో వచ్చును. పౌలు చెప్పగా వ్రాసిన తెర్తియు సయితము నడుమ తన నమస్కారమును చేర్చుకొనెను. ప్రిస్క, అకులలు అప్పటికి రోమునకు తిరిగి వచ్చియుండిరి. సంఘము కూడుచున్నది వారి యింటనే.