గాజు క్రింద చెమ్మ

చలికాలపు టుదయమున మేడపైనున్న సోలార్ హీటరును చూచినచో, గాజుపలకకు లోపలివైపున చెమ్మ పట్టియుండుట ఒక్కొక్కప్పుడు కనబడును. గాజు చుట్టును రబ్బరుతో బిగింపబడియున్నది, వాన కురియలేదు, గొట్టము కారలేదు. మరి యీ నీరెచ్చటిది?

అది గాలిలోనిదే. గాజు క్రింది పేటికలో నల్లనిపూత గల రాగిరేకు, దాని నంటియున్న నీటిగొట్టములు, వాని యడుగున వేడిని పోనీయని రాక్‌వూల్ పొర యుండును. మిగిలిన చోటంతయు గాలియే. ఈ గాలి 20 డిగ్రీల సెంటిగ్రేడునుండి 80 డిగ్రీలకు వేడెక్కినచో, దాని ఘనపరిమాణము సుమారు అయిదవవంతు హెచ్చును. హెచ్చినగాలి సందులగుండ వెలికి పోవును. సాయంత్రము లోనిగాలి చల్లారి సంకోచింపగా, బయటిగాలి తన తేమతోగూడ లోనికి వచ్చును. పేటిక దినమున కొకమారు ఊపిరి తీయుచున్నదన్నమాట.

రాత్రి, మబ్బులేని ఆకాశము క్రింద గాజు తన వేడిని వికిరణమువలన కోల్పోయి, చుట్టునున్న గాలికంటెను చల్లబడును. ఒక ఘనమీటరు గాలి 30 డిగ్రీలవద్ద సుమారు 30 గ్రాముల నీటియావిరిని ఇముడ్చుకొనగలదు. 20 డిగ్రీలవద్ద 17 గ్రాములను మాత్రమే. ఇమడని యావిరి చల్లనిగాజుపై బిందువులుగా నిలుచును.

ఉదయపుటెండకు ఆరిపోవు పలుచని చెమ్మవలన కీడులేదు. మధ్యాహ్నమునకును నిలిచియున్నచో నష్టము మూడువిధములు. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీలు కావలెను. ఆ యావిరి గాజును తాకి మరల నీరగునపుడు ఆ వేడి గాజునకు చేరి బయటికి పోవును. రాక్‌వూల్ నానినచో, దానిలోని గాలికి బదులు, గాలికంటె ఇరువదిరెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయు నీరు నిండును. తుదకు నల్లనిపూత చెడి, రేకు చిలుము పట్టును. సముద్రతీరమున గాలిలోని ఉప్పు దీనిని త్వరపెట్టును.

కొందరు చెమ్మను చూచి, పేటికయందలి చిన్నరంధ్రములను లప్పముతో మూసివేయుదురు. ఇది పొరపాటు. వేడిచలువల మార్పులకు బిగింపు ఎక్కడనో సడలును. అచ్చటినుండి చొచ్చిన తేమకు వెలికిపోవు దారి యుండదు. వాననీరు రాకుండ గాజంచును బాగుగా బిగింపవలెను. ఆవిరి పోవుటకు అడుగురంధ్రములను తెరచియే యుంచవలెను. పురుగులు చొరకుండ వానికి సన్నని వల చాలును.

విద్యార్థులు ఒక వారము ప్రతిదినము చెమ్మ ఆరిన వేళను వ్రాసికొనవచ్చును. ఎండ ముదిరినకొలది అది తగ్గినచో పేటిక ఊపిరి సరిగా నున్నట్లే. పొడిదినములలో సైతము తగ్గనిచో, గొట్టము కారుచున్నదేమో, రాక్‌వూల్ నానినదేమో పరీక్షింపవలెను.