గొట్టము మారిన తుపాకి

మైత్రీవనము కూడలిలో ఉదయము పదిగంటల వేళ నిలుచున్నవానికి ఆకాశము కంటె బోర్డులే యెక్కువగా కనబడును. కంప్యూటరు విద్యలు నేర్పెదమని పిలుచు ఆ బోర్డుల క్రింద, ఒక బ్యాంకు గుమ్మమున, నెరసిన మీసములతో ఒక కాపలాదారు కూర్చుండును. ఒడిలో రెండు గొట్టముల పాత తుపాకి. పోలీసు కొలువు చేసి విశ్రాంతి పుచ్చుకొన్నవాడు. "మా కాలంల త్రీనాట్‌త్రీ ఉండె సారూ. దాని తోటిదే ఇంకొకటి ఉండె, మస్కెట్టు అనేటోళ్లం. పైకి రెండూ ఒక్కతీర్గనే ఉంటుండె. లోపలనే ఫరకు" అని ఆయన యొకనాడు చెప్పెను. ఆ ఫరకు వెనుక ఒక శతాబ్దపు రాజ్యతంత్రము దాగియున్నది.

రైఫిలు గొట్టము లోపల మెలితిరిగిన సన్నని గాడులుండును. గుండు వానిని ఒరసికొని, బొంగరమువలె తిరుగుచు వెలువడును. తిరుగు బొంగరము ఒరగనట్లే తిరుగు గుండును దారి తప్పదు. లీ-ఎన్‌ఫీల్డు .303 రైఫిలులో సాధారణముగా ఐదు గాడులు, ఎడమవైపు మెలి, పది అంగుళములకు ఒక చుట్టు. వేలకొలది తూటాలు పేలిన పిదప వేడికిని రాపిడికిని ఆ గాడులు అరగిపోవును. కొయ్యయు బోల్టును చెక్కుచెదరకున్నను గురి మాత్రము నిలువదు. అప్పుడు ఆయుధశాలలో పాతగొట్టమును మర విప్పి తీసి క్రొత్తదానిని బిగింతురు. బిగించుటతో పని ముగియదు. బోల్టు మొగమునకును తూటా అడుగునకును నడుమ ఎడము హద్దుమీరినచో, పేలుడులో తూటా చీలి కాల్చువానికే ముప్పు రావచ్చును. కనుక కొలతలు సరిచూచి, అధిక బలముగల తూటాతో పరీక్షించిన పిదపనే దానిని జవాను చేతికిత్తురు.

ఇది అరిగినదానిని బాగుచేయుట. బాగున్నదానిని తగ్గించుటకును గొట్టమును మార్చినవారు కలరు. 1857 తిరుగుబాటు ఎన్‌ఫీల్డు రైఫిలు తూటాలపై రేగిన అనుమానముతో రాజుకొన్న సంగతి పాఠకు లెఱిగినదే. అది అణగిన పిదప దొరలు భారతీయ సిపాయిల చేతికి అదే రూపుగల తుపాకి నిచ్చిరి. కాని దాని గొట్టము .656 అంగుళముల వెడల్పున నున్నగా నుండెను, గాడులు లేవు. ఇరువదవ శతాబ్దమున వంగదేశమందలి ఈశాపూరు కర్మాగారములో .303 రైఫిళ్ళకును ఈ సంస్కారమే జరిగినది. గొట్టమును .410కి నున్నగా చేసి, తూటాల పెట్టెలో కొయ్యముక్క నిమిడ్చి, ఒక్కొక్క తూటాయే పేలునట్లు చేసిరి. సైన్యపు తూటా దానికి పనికిరాదు.

చెరసాలల కాపలాకు దూరపు దెబ్బ అక్కరలేదనుట నిజమే. కాని దొరల మనసులో వేఱొక లెక్కయు లేకపోలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులను గైకొనెను. ఠాణాలోని ఆయుధము రేపెవరి భుజము నెక్కునో యను భయము వారికి ఊరక పుట్టినది కాదు. సామాన్య పౌరునికి .303 నిషిద్ధము చేసి, సైన్యపు తూటాతో పొత్తు కుదరని .315 రైఫిలును విడిచిపెట్టుటయు ఈ తెరగుదే.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప కథ మారినది. 1962 చీనా యుద్ధానంతరము ఈశాపూరువారే ఆ పాత లీ-ఎన్‌ఫీల్డు తీరున, మరింత గట్టి ఉక్కుతో, 7.62 తూటాకు సరిపడు రైఫిలును చేసిరి. ఈసారి గొట్టము మారినది అపనమ్మకముచేత కాదు, అవసరముచేత. ఉత్తరప్రదేశ్ పోలీసులు .303కు వీడ్కోలు పలికినది 2020 జనవరిలోనే! నేడు గొట్టమును పొట్టి చేయుటకైనను, తుపాకిని మార్చి వేఱొకటి చేయు వృత్తికైనను 1959 ఆయుధ చట్టము క్రింద అనుమతి కావలయును. తాతలనాటి తుపాకి ఇంట నున్నవారు ఈ మాట మఱవరాదు.

మైత్రీవనమునకు కొద్ది మైళ్ళలోనే గన్‌ఫౌండ్రీ యున్నది. నిజాము కొలువున నున్న ఫ్రెంచి సేనాని రేమాన్ 1795లో అక్కడ తోపుల సంచా నెలకొల్పెను. 1798 మార్చిలో ఆయన చనిపోయెను. ఆ అక్టోబరులోనే ఇంగ్లీషువారు ఆయన పెంచిన సేనచేత ఆయుధములు దింపించిరి. ఫిరంగులు పోసిన ఊరిలోనే ఆ ముచ్చట ముగిసినది. ఎవనిని నమ్మవలె, ఎంతవఱకు నమ్మవలె ననునది ఏలినవారికి ఎల్లప్పుడును తెగని ప్రశ్నయే.

మొన్న మరల ఆ గుమ్మమునకు పోయి, మస్కెట్టు గొట్టములో గాడులు లేకపోవుటకు కారణము ఇదియని కాపలాదారునకు చెప్పితిని. ఆయన కొంతసేపు రోడ్డువైపు చూచెను. పుస్తకాల సంచులతో పిల్లలు గుంపులుగా మెట్లెక్కుచుండిరి.

"గీ సంగతి మాకెవ్వలు చెప్పలే సారూ. మేమైతే రెంటినీ ఒక్కతీర్గనే తుడిచినం" అనెను.