ఒక కంప్యూటర్ – రెండు డిస్కులు – రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు

బస్తర్ జిల్లా కేంద్రమైన జగ్దల్‌పూర్‌లో ఒక తెలుగు కుటుంబం ఉందనుకుందాం. ఇంట్లో ఒకే పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. అన్న ప్రాజెక్టు పని, చెల్లెలి పాఠాలు, ఇంటి ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. అది విండోస్ 10తో పనిచేస్తుంది. దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టిపిఎం 2.0 అనే భద్రతా సదుపాయం లేని పాత యంత్రాలకు విండోస్ 11 అర్హత లేదు. కాబట్టి ఉచితంగా లభించే లినక్స్‌ను పెట్టుకోవాలి, కాని పాత సమాచారం పోకూడదు. దీనికి తగిన మార్గమే రెండు డిస్కుల డ్యూయల్ బూట్.

బూట్ అంటే ఏమిటి?

స్విచ్ వేయగానే ముందుగా మేల్కొనేది మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్. పాత యంత్రాలలో దీనిని బయాస్ అంటారు. ఇది డిస్కులోని మొదటి సెక్టారును, అనగా 512 బైట్లను చదువుతుంది. అందులో 446 బైట్లు బూట్ ప్రోగ్రాముకు, 64 బైట్లు డిస్కు విభాగాల పట్టికకు, 2 బైట్లు గుర్తుకు కేటాయించబడ్డాయి. కొత్త యంత్రాలలోని యుఇఎఫ్‌ఐ, డిస్కులో ప్రత్యేకంగా ఉండే ఒక చిన్న విభాగంలోని బూట్ ఫైలును వెతుకుతుంది. రెండు పద్ధతులలోనూ ఆ బూట్ ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మెమరీలోకి తెస్తుంది.

రెండు డిస్కులు ఎందుకు?

ఒకే డిస్కును పంచుకుంటే విండోస్ విభాగాన్ని కుదించాలి. ఆ పని మధ్యలో కరెంటు పోతే సమాచారం దెబ్బతినవచ్చు. రెండో డిస్కు ఉంటే మొదటి దానిని కదిలించనవసరం లేదు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. లినక్స్‌ను రెండో డిస్కులో పెట్టమన్నా, కొన్ని ఇన్‌స్టలేషన్ ప్రోగ్రాములు బూట్ ఫైలును మాత్రం మొదటి డిస్కులో రాస్తాయి. అప్పుడు డిస్కులు రెండైనా, ఒకటి లేనిదే రెండోది తెరుచుకోదు.

చేయవలసిన పద్ధతి

1. ముఖ్యమైన ఫైళ్లను ముందుగా బయటి డిస్కులోకి కాపీ చేయండి.

2. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపండి. అది ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు. ఆ స్థితిలో లినక్స్ నుండి దాని ఫైళ్లను మార్చడం ప్రమాదం.

3. కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్ తీసి, విండోస్ డిస్కు కేబుల్‌ను విడదీయండి. కొత్త డిస్కును మాత్రమే కలపండి.

4. పెన్‌డ్రైవ్ నుండి లినక్స్‌ను ఇన్‌స్టాల్ చేయండి. సి-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌లో తెలుగు, హిందీ భాషల సదుపాయం ఉంది. గోండి లిపులైన మసరాం 2017లో, గుంజాల 2018లో యూనికోడ్‌లో చేరాయి. వాటికి ఉచిత నోటో ఫాంట్లు లభిస్తాయి.

5. లినక్స్ సరిగా తెరుచుకున్నాక యంత్రాన్ని ఆపి, పాత డిస్కును మళ్లీ కలపండి. స్విచ్ వేయగానే ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ వంటి మీటను నొక్కితే బూట్ మెనూ వస్తుంది. కావలసిన డిస్కును అక్కడ ఎంచుకోండి. ఏ మీట అన్నది తయారీదారును బట్టి మారుతుంది.

గడియారం ఎందుకు తప్పుతుంది?

మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక కాలమని విండోస్ భావిస్తుంది. లినక్స్ సాధారణంగా దానిని అంతర్జాతీయ ప్రామాణిక కాలంగా చూస్తుంది. భారత కాలం దీనికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అందుచేత లినక్స్ వాడిన తరువాత, జగ్దల్‌పూర్‌లో ఉదయం 10 గంటలైనప్పుడు విండోస్ 4:30 అని చూపవచ్చు. ఇది యంత్రం లోపం కాదు. గడియారాన్ని స్థానిక కాలంగా చూడమని లినక్స్ అమరికలలో మార్చితే సరిపోతుంది.

ఇక మీదట ఇంటర్నెట్ పనులు లినక్స్‌లో చేయడం మంచిది. మద్దతు ముగిసిన విండోస్‌ను పాత ఫైళ్లకు, తప్పనిసరి ప్రోగ్రాములకు మాత్రమే వాడండి.

ఆలోచించండి: విండోస్ డిస్కు పూర్తిగా చెడిపోతే, పై పద్ధతిలో పెట్టిన లినక్స్ తెరుచుకుంటుందా? మూడో మెట్టును పాటించకపోతే ఏమి జరగవచ్చు?