గాలి నిలిచిన పూట గుడారం ఎక్కడ?

వానలు వెనకబడి చలి మొదలైందంటే గండికోట దగ్గర గుడారాలు లేస్తాయి. పెన్నా లోయ మీద పొద్దు పొడవడం చూద్దామని బెంగళూరు, హైదరాబాదు నుంచి పిల్లలు జమ్మలమడుగు మీదుగా వస్తారు. తెల్లారేసరికి వాళ్ళలో సగం మంది చెవుల వెనక, మెడ మీద, చీలమండల దగ్గర గీరుకుంటూ ఉంటారు. "రాత్రి దోమల మోతే లేదు మేడం, మరి కుట్టిందేమిటి?" అని నన్ను అడుగుతారు. నేను పశువైద్యురాలిని. సెలవు దొరికితే కొండలు ఎక్కుతాను. వాళ్ళను కుట్టిన పురుగుతో నా పరిచయం గొర్రెల ద్వారా మొదలైంది.

కళ్ళ ముందు ముసిరే నుసుములు కుట్టవు. అవి కంటి నీటికీ చెమటకీ వస్తాయి. కుట్టేది వేరే జాతి, శాస్త్రంలో క్యూలికాయిడిస్ అంటారు. ఒళ్ళంతా కలిపి 1 నుంచి 3 మిల్లీమీటర్లు. దోమ సన్నని గొట్టం దించి రక్తం పీలుస్తుంది. ఇది చర్మాన్ని కోసి, అక్కడ ఊరిన రక్తాన్ని తాగుతుంది. కుట్టేది ఆడదే, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. దాని లాలాజలం మన ఒంటికి పడక దద్దురు లేస్తుంది, రోజుల తరబడి దురద పెడుతుంది.

ఇంత ఎండు సీమలో దీనికి చోటెక్కడిదంటే, తడి బురద కొంచెం ఉన్నా దీనికి చాలు. దీని పిల్లపురుగులు పెరిగేది బురదలో, పేడ కలిసిన తడి నేలలో, వరి మళ్ళలో. కె.సి. కెనాల్ కింద వరి ఉంది. మైలవరం జలాశయం అంచున నీళ్ళు తీసిన కొద్దీ బురద బయటపడుతుంది. ఊరి చివర గొర్రెల దొడ్డి పక్కన తొట్టి కారే చోటు ఉంటుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఇవన్నీ పదునుగా ఉంటాయి. గుడారాల కాలమూ అదే.

గొర్రెలకు నీలి నాలుక జబ్బు వచ్చే కాలం కూడా అదే. మూతి వాపు అంటే కాపర్లకు వెంటనే తెలుస్తుంది. జ్వరం కాస్తుంది, పెదవులు ఉబ్బుతాయి, నోట్లో పుండ్లు లేచి మేత ముట్టదు, గిట్టల పైన ఎర్రబారి కుంటుతుంది. కొన్నిటికి నాలుక నీలంగా మారుతుంది. ఒక గొర్రెను ఇంకో గొర్రె తాకితే సోకే రకం కాదు ఇది, ఈ పురుగే మోసుకొస్తుంది. మనదేశంలో మొదట 1964లో మహారాష్ట్రలో గుర్తించారు. దక్షిణాది మందలను ఎక్కువగా దెబ్బ తీసింది. 2006లో ఉత్తర ఐరోపాకూ పాకింది. మనుషులకు రాదు, ఆ భయం అక్కర్లేదు. కానీ మంద మీదే బతికే ఇంట్లో ఒకే వారంలో పది గొర్రెలు పడిపోతే ఆ ఇల్లు ఏమవుతుందో నేను చూశాను. ఆ చిన్న పురుగును నేను తేలిగ్గా తీసుకోలేకపోవడానికి కారణం అదే.

రాత్రంతా పొలంలో మందతోపాటు పడుకునే కాపర్లకు దీని నడత బాగా తెలుసు. "గాలి ఆడితే ఒక్కటీ లేవదు మేడం. పొద్దు గూకినాక గాలి నిలబడిందా, గొర్లు చెవులు కొట్టుకుంటానే ఉంటాయి, ఒక్కటీ నెమ్మదిగా పండుకోదు" అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. శాస్త్రమూ ఆ మాటే చెబుతుంది. గంటకు పది కిలోమీటర్లు దాటిన గాలిలో ఇది ఎగరలేదు. ఆకులు, సన్న కొమ్మలు ఆగకుండా కదులుతున్నాయంటే ఆ మాత్రం గాలి ఉన్నట్టే.

అందుకే మందు సీసా కొనే ముందు చోటు చూసుకోమంటాను. నీటి పక్కన బాగుంటుందని జలాశయం ఒడ్డున గుడారం వేయవద్దు. పైన, గాలి ఆడే రాతి నేల మీద వేయండి, అయితే లోయ అంచుకు బాగా ఎడంగా. దొడ్డికీ పశువుల పాకకూ దూరం జరగండి. పొద్దు గూకే వేళ, తెల్లవారు వేళ పురుగు జోరు ఎక్కువ. ఆ రెండు పూటలూ నిండు చేతుల చొక్కా, సాక్సుల్లోకి దోపిన ప్యాంటు ఉండాలి. దీపం గుడారానికి దూరంగా పెట్టండి. పరిశోధకులు ఈ పురుగును పట్టేది దీపపు ఉచ్చుతోనే మరి.

మామూలు దోమతెర కన్నుల్లోంచి ఇది దూరి వచ్చేస్తుంది. మరీ సన్నని నేత తెర కడితే మన ఉక్కకు లోపల ఊపిరాడదు. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను తల దగ్గర పెట్టుకుంటే రెండు బాధలూ తగ్గుతాయి. డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న పూతలు పనిచేస్తాయి, ఖాళీ వదలకుండా రాయాలి. డీట్ ప్లాస్టిక్కును కరిగిస్తుంది, కళ్ళజోడుకు తగలనివ్వకండి. ఆరుబయట మస్కిటో కాయిల్ మీద నాకు నమ్మకం లేదు. వేపాకు పొగ ఊళ్ళో పాక దగ్గర వేస్తే సరే, ఎండు బోద ఉన్న అడవిలో నిప్పు రాజేయడం నేరం, ప్రమాదం కూడా.

ఎగువ అహోబిలంలో భవనాశి వెంట, లంకమలలో నిత్యపూజకోన దారిలో కొండల మధ్య గాలి ఆడదు, నీడ, తడి ఉంటాయి. అక్కడ పొద్దున కాస్త ఎండెక్కాక నడక మొదలుపెట్టి, చీకటి పడకముందే బయటపడండి. నల్లమలలో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు కూడా.

కోట గోడను ఆనుకుని పడుకోవద్దని పిల్లలకు ప్రత్యేకంగా చెబుతాను. పాత గోడల నెర్రెల్లో ఇసుక ఈగలు ఉంటాయి. అవి వేరే జాతి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 183 మంది పిల్లల ప్రాణం తీసిన చాందీపురా వైరస్ ఇసుక ఈగల్లో ఉండేదే. కుట్టిన చోట చల్లటి నీళ్ళు పోసి కాలమైన్ లోషన్ రాస్తే దురద అణుగుతుంది, గోళ్ళతో గీరితే పుండు పడుతుంది. అయితే ఊరెళ్ళి వచ్చిన పిల్లవాడికి జ్వరం, వాంతులు, ఫిట్స్ వస్తే అవి పురుగు కుట్లేనని ఇంట్లో ఆపుకోకూడదు, అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక గుడారాలు అద్దెకిచ్చే వాళ్ళకు ఒక మాట. మీ స్థలం పక్కన మంద ఉంటే ఆ కాపరిని లేపి దూరం పంపకండి. తొట్టి కారకుండా చేయించండి, దొడ్డి చుట్టూ తడి పేడ ఎత్తించండి. నీలి నాలుకకు అయిదు రకాల వైరస్‌ల మీద పనిచేసే టీకా 2015 నుంచి మనదేశంలో ఉంది. వానలకు ముందే వేయించమని కాపరికి చెప్పి, దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి.